ఇరవయ్యో మిషను

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా దర్జీల వీధిలో అందరికీ తెలుసు. సాయం సంఘం వాళ్ళకి తెలియదు పాపం. అందుకే ఆ గురువారం పొద్దున బడి డాబా మీద నేను పెట్టిన కేకకి ఒకమ్మాయి చేతిలోని గుడ్డ జారవిడిచి నాలుగడుగులు వెనక్కి వేసింది.

"వీటిని ఎండలో పెట్టిన మహానుభావులెవరు?"

డాబా మీద ఇరవై కుట్టుమిషన్లు వరసగా ఆరుతున్నాయి. అన్నీ మా వీధివే. మూడు రోజులు వరదనీళ్ళలో నానాయి. నీళ్ళు తీశాక, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఈ వాలంటీర్లు మోకాటి లోతు బురదలో ఇంటింటికీ దిగి, బల్లల మీంచి మిషను తలలు ఊడదీసి, వీపుల మీద మోసుకొచ్చి, మెట్లెక్కించి, తుడిచి ఎండబెట్టారు. ఒకతనికి భుజం బెణికి కట్టు కట్టుకున్నాడు. నన్ను చూడగానే అందరి మొహాల్లోనూ నవ్వు. శభాష్ అంటాననుకున్నారు.

వాళ్ళ పెద్ద దిక్కు లిస్టు మేడం. అసలు పేరేమిటో ఎవరూ అడగలేదు. చంకలో అట్ట, అట్టకి కాగితాలు, చెవి వెనక పెన్సిలు. ఆవిడ ముందుకొచ్చి, "మేమేనమ్మా. తడి ఆరాలి కదా?" అంది.

"ఆరకూడదు! తడిసిన ఇనుముకి గాలి తగిలితే సాయంత్రానికి తుప్పు పడుతుంది. రేపటికి బిగుసుకుపోతుంది. ఎల్లుండికి పాత సామాన్లవాడికి వేసుకోవచ్చు. దించండి. అన్నిటినీ నీళ్ళలో ముంచండి."

మా వదిన కూడా అక్కడే ఉంది, తన మిషను పక్కన పీట వేసుకుని. మా అన్నయ్య పోయాక మా వీధిని నడిపించేది ఆవిడే. పని తెచ్చేది, పంచేది, కుట్టు వంకరపోతే నెత్తిన మొట్టేది కూడా ఆవిడే.

"ఏమే, బుద్ధుండే మాట్లాడుతున్నావా?" అంది వదిన. "నీళ్ళలో మునిగాయని ఏడుస్తుంటే మళ్ళీ ముంచమంటావా?"

"ముంచమనే అంటున్నాను వదినా. మంచినీళ్ళలో. నేను విప్పి నూనె పెట్టేదాకా బయటికి తీయకూడదు. ఒకటొకటిగా తీసి విప్పుతాను."

ముప్పై ఏళ్ళుగా మిషన్లు బాగుచేస్తున్నదాన్ని. నా మాట మీద నమ్మకం లేకపోతే నా చేతుల్ని చూడమనండి, గోళ్ళలో నల్లనూనె పుట్టుమచ్చల్లా ఉండిపోయింది. కానీ లిస్టు మేడం నా చేతులు చూడలేదు, అట్ట చూసింది.

"ట్యాంకరు నీళ్ళు తాగడానికే చాలడం లేదమ్మా. ఇరవై మిషన్లు మునిగేంత నీళ్ళు ఎక్కణ్ణుంచి తేను? పైగా మా లిస్టులో మిషన్లకి నీళ్ళని లేదు. తిండి పొట్లాలు, మందులు, దుప్పట్లు, బట్టలు, ఇవే ఉన్నాయి."

ఆ బట్టల సంగతి చెప్పాలి. కింద బడి హాలు నిండా బట్టలే. వరదలో ఉన్నవాళ్ళకని ఏ పుణ్యాత్ములో ఎత్తు మడమల చెప్పులు పంపారు, జిగేల్మనే నాట్యం గౌన్లు పంపారు. అవన్నీ ఏ రకానికి ఆ రకం గుట్టలు పోసి, గుట్టకో చీటీ పెట్టి, ఎంతో శ్రద్ధగా సర్దారు వీళ్ళు. సర్దడంలో వాళ్ళకి వంక పెట్టలేం.

నేను ఇంకో కేక పెట్టబోతుంటే మెట్ల మీంచి పడవ బాబాయి గొంతు వినిపించింది. వరద రోజుల్లో సగం వీధిని మోటారు పడవలో ఎక్కించుకుని ఒడ్డున పడేసినవాడు ఆయనే.

"ఆ పిల్ల చెప్పింది నిజం మేడమ్. మా పడవ ఇంజను నీళ్ళలో పడితే మేమూ అంతే చేస్తాం. మెకానిక్కు దొరికేదాకా నీళ్ళలోనే ఉంచుతాం. గట్టుకి తెచ్చి ఎండబెట్టామా, ఇక దాని పని అంతే." యాభై రెండేళ్ళదాన్ని నన్ను పిల్ల అన్నందుకు ఇంకోసారైతే ఊరుకునేదాన్ని కాదు. "నీళ్ళంటారా, కింద మైదానంలో నా పెద్ద పడవ ఉంది. నిన్నటి వానకి అంచుల దాకా నిండింది. తోడిపోయడానికి బద్ధకించాను."

లిస్టు మేడం ఒక్క నిమిషం ఆలోచించింది. పెన్సిలు తీసి లిస్టులో 'బట్టలు' అన్న మాట కొట్టేసింది. "ఇంకేం కావాలో చెప్పండి" అంది.

"డీజిలు, మిషను నూనె, స్క్రూడ్రైవర్లు, నూలుగుడ్డలు, పన్నెండు మంది మనుషులు."

"నూలుగుడ్డలు హాలు నిండా ఉన్నాయి" అందావిడ. మొదటిసారి నవ్వొచ్చింది నాకు.

అలా మా మిషన్లన్నీ డాబా దిగి పడవలో మునిగాయి. నీళ్ళ మీద తేలాల్సిన పడవ కడుపునిండా నీళ్ళతో, ఆ నీళ్ళ అడుగున ఇరవై మిషన్లతో మైదానం మధ్యలో కూర్చుంది. చూడ్డానికొచ్చినవాళ్ళు నాకు మతి పోయిందని గుసగుసలాడుకున్నారు. ఆడుకోనీ.

నా తొందర వాళ్ళకేం తెలుసు? పక్క పెద్దాసుపత్రిలో కింది అంతస్తు మునిగి, దుప్పట్లూ రోగుల గౌన్లూ అన్నీ బురదపాలయ్యాయి. గౌన్లు కుట్టే పని మా వీధికే ఇస్తామన్నారు, గుడ్డ తాన్లు కూడా వాళ్ళే పంపుతామన్నారు. కానీ షరతు ఒకటే. ఎల్లుండి కాక ఆ పై శనివారం ఆసుపత్రి స్టోర్‌కీపరు వచ్చి చూసేసరికి ఇరవై మిషన్లు నడుస్తూ ఉండాలి. ఒక్కటి తగ్గినా పని నగరంలో మిల్లుకి పోతుంది. ఆ మర్నాడే, ఆదివారం, ఎక్కడో రెండు రోజుల ప్రయాణం దూరాన ఉన్న పెట్టెల ఫ్యాక్టరీ వాళ్ళ బస్సు వస్తోంది. వరదలో పని పోయిన ఆడవాళ్ళని తీసుకుపోయి, హాస్టల్లో పెట్టి, అట్టపెట్టెలు మడత పెట్టిస్తారట. ఆ బస్సుకి పేర్లిచ్చినవాళ్ళలో మొదటి పేరు మా వదినది.

"నీకేం ఖర్మ ఈ వయసులో?" అని అడిగాను.

"పని లేక వీధి చెదిరిపోతే మిగతావాళ్ళు ఎలాగూ వెళ్తారు. వాళ్ళని ఒంటరిగా పంపనా? నేను వెంట ఉంటే కాస్త ధైర్యం."

ఆవిడ అంతే. ఏడవదు, అరవదు, నిర్ణయం మాత్రం తీసేసుకుంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు, ఆ బస్సు మీద.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మా వీధిలో మునగని మిషను ఒకటుంది. నా కొట్లో అటక మీద, గుడ్డ కప్పి. మా అమ్మది. మా వదిన కాపురానికి వచ్చిన నాటి నుంచి పదకొండేళ్ళు దాని మీదే కుట్టింది, ఇల్లు గడిపింది. అమ్మ పోయేముందు నన్ను పిలిచి "మిషను నీది" అంది. అంతే, నేను తెచ్చేసుకున్నాను. వదిన ఒక్క మాట అనలేదు. ఎక్కడో పాత మిషను ఒకటి కొనుక్కుంది. తొమ్మిదేళ్ళయింది. నెలనెలా నూనె వేస్తాను, గుడ్డ కప్పుతాను. దాని మీద కుట్టను. కుట్టడం నాకు చేతకాదు. ఇన్ని మిషన్లు బాగుచేసిన నేను తిన్నగా ఒక అంచు మడిచి కుట్టలేనంటే నవ్వుతారు, అయినా నిజం. మరి దాన్ని ఎందుకు ఉంచుకున్నావంటే ఏం చెప్పను? అమ్మ నాకిచ్చింది. అంతకన్నా జవాబు లేదు. ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

శుక్రవారం, శనివారం మొదటి మిషను విప్పి పన్నెండు మందికీ చూపించాను. ఏ స్క్రూ ముందు, ఏది తర్వాత, డీజిల్లో ఎంతసేపు, కుంచెతో ఎక్కడ రుద్దాలి, అన్నీ. భుజం బెణికినతను అందరికన్నా చురుగ్గా పట్టుకున్నాడు. మిగతావన్నీ రెండు రోజుల్లో విప్పి తుడిచి ఉంచమని చెప్పి, ఆదివారం పొద్దున సూదులూ బెల్టులూ తేవడానికి సంఘం లారీలో నగరానికి వెళ్ళాను. దారి సగం కొట్టుకుపోయి ఉంది. సోమవారం మధ్యాహ్నానికి గానీ తిరిగి రాలేదు.

లిస్టు మేడం హాలు గుమ్మంలోనే ఎదురొచ్చింది. "అన్నీ విప్పేశాం! మీరు రెండు రోజులన్నారు, మేం ఒకటిన్నరలో చేశాం. రండి, చూడండి."

చూశాను. పొడుగాటి బల్లల మీద ట్రేలు. ట్రేలో తెల్లటి గుడ్డ. గుడ్డ మీద అద్దంలా మెరుస్తున్న సామాను. ఒక్కో ట్రేకి ఒక్కో చీటీ. 'షటిళ్ళు, ఇరవై.' 'బాబిన్ కేసులు, ఇరవై.' 'సూది కడ్డీలు, ఇరవై.' చొక్కాలు ఒకచోట, లాగులు ఒకచోట పెట్టినట్టు, ఏ రకానికి ఆ రకం.

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను.

"ఏమైందమ్మా?"

"కొంప మునిగింది" అన్నాను. వరద వచ్చాక ఆ మాట మా వీధిలో ఎవరూ ఊరికే వాడటం లేదు. "ఏ మిషనువి ఆ మిషనుకే ఉండాలి మేడమ్! పాత మిషన్లివి. కింది దారాన్ని అందుకుని తిప్పే షటిలూ, దారం కండె కూర్చునే బాబిన్ కేసూ ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి రాసుకుని కలిసి అరుగుతాయి. దీని షటిలు దానిలో పెడితే కుట్టు తప్పుతుంది, దారం తెగుతుంది. ఇప్పుడు ఏది ఏ మిషనుదో ఆ భగవంతుడికే తెలియాలి!"

ఆవిడ మొహం పాలిపోయింది. అయినా తల దించలేదు. "ఈ మాట మీరు మాకు చెప్పలేదు" అంది మెల్లగా.

చెప్పలేదు. నిజమే. ముప్పై ఏళ్ళలో ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఒక మిషను విప్పితే దాని సామాను దాని పక్కనే ఉంటుందన్నది నాకు ఊపిరి తీసుకోవడం లాంటిది. ఊపిరి తీసుకోమని ఎవరికైనా చెప్తామా? కానీ వాళ్ళు మిషన్లు విప్పినవాళ్ళు కాదు, గుట్టలు సర్దినవాళ్ళు. తప్పు నాదే. అది ఒప్పుకోవడానికి నాకు ఒక గ్లాసు నీళ్ళూ పది నిమిషాలూ పట్టింది.

"తప్పు నాది" అన్నాను. "మీ పిల్లలు బంగారంలా తుడిచారు."

సాయంత్రం దాకా ఒక్కొక్క షటిల్నీ ఒక్కొక్క కేసులో పెట్టి, తిప్పి, చెవి దగ్గర పెట్టి విన్నాను. రెండు కుదిరాయి. రెండంటే రెండు. మంగళవారం పొద్దునకి ఇంకొకటి. ఆ లెక్కన పోతే శనివారం కాదు కదా, వచ్చే నెలకి కూడా అవదు. తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడొచ్చింది వదిన, టీ గ్లాసు పట్టుకుని. నన్ను చూసింది, ట్రేలు చూసింది, గ్లాసు నా చేతిలో పెట్టి బాబిన్ కేసుల ట్రేలోంచి ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పింది.

"ఇది మన వీధి చివర బొత్తాలమ్మది" అంది.

"ఎలా చెప్తున్నావ్?"

"గాటు చూడు. ఎన్నిసార్లు చెప్పినా పళ్ళతోనే తెరుస్తుంది ఆ మొద్దు మొహం." ఇంకొకటి తీసింది. "ఇది ఎవరిదో నాకు తెలియదు గానీ, దీని మనిషికి తెలుస్తుంది. చేత్తో పట్టుకుంటే తెలుస్తుందే. రోజుకి నలభైసార్లు తీసి పెట్టేది కదా. నువ్వు ఊరికే మిషన్లతో మాట్లాడతావు, వాటి మనుషుల్ని అడగవు."

ఆ మాట సూటిగా తగిలింది. ఆడపడుచు హోదా అంతా ఆ ఒక్క మాటతో మూటగట్టి పక్కన పెట్టాను.

మా ఆడవాళ్ళు ఆ సమయానికి చీటీలు పట్టుకుని తిండి పొట్లాల వరసలో నిలబడి ఉన్నారు. వారం రోజులుగా వాళ్ళ పని అదే. ఇచ్చింది తీసుకోవడం, నమస్కారం పెట్టడం. వరద కన్నా అదే వాళ్ళని ఎక్కువ కుంగదీసిందని నాకప్పుడు అర్థమైంది. లిస్టు మేడం ఆ వరస దగ్గరికి పరిగెత్తుకుంటూ వెళ్ళింది.

"అమ్మా, వరస వదిలేసి రండి. పొట్లాలు మేమే మీ దగ్గరికి తెస్తాం. మీ సాయం కావాలి మాకు!"

వచ్చారు. ముందు బెదురుగా వచ్చారు. బల్లల చుట్టూ చేరారు. బొత్తాలమ్మ తన కేసుని చూడగానే పట్టేసింది, ముద్దొక్కటే తక్కువ. ఒకావిడ కళ్ళు మూసుకుని తొమ్మిది షటిళ్ళు తడిమి పదోది దగ్గర ఆగింది. ఇంకొకావిడ తన కేసు మీద గోళ్ళరంగు చుక్క పెట్టుకుందట, డీజిలుకి ఊడిపోయింది. నాలుగు కేసుల్లో బాబిన్లు పెట్టి విదిలించి, దారం బిగువుని బట్టి తనది పోల్చుకుంది. "ఒసే, అది నాది!" "నీదైతే నీ మొహంలా వంకరగా ఉండేది, ఇటివ్వు!" హాలంతా సంత అయిపోయింది. వారం రోజుల్లో వాళ్ళు నవ్వడం అదే మొదటిసారి. వాలంటీర్లు పక్కన నిలబడి జత కుదిరినప్పుడల్లా సంచిలో వేసి, పైన ఇంటి నంబరు రాశారు. చీకటి పడకముందే ఇరవై సంచులు తయారయ్యాయి.

బిగించడానికి మూడు రోజులు పట్టింది. శుక్రవారం మధ్యాహ్నానికి పంతొమ్మిది నడిచాయి. ఇరవయ్యోది కవలల తల్లిది. దాని షటిలుకి వెంట్రుకంత పగులు. చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి రెండు ముక్కలైంది. ఆ మోడలు షటిళ్ళు చేయడం ఎప్పుడో మానేశారు. నగరంలో కూడా దొరకవు. కవలల తల్లి చంకన ఒకర్ని, ఒడిలో ఒకర్ని పెట్టుకుని ఆ ముక్కల వైపే చూస్తోంది.

వదిన లేచి తన మిషను చక్రం మీద ఒకసారి చెయ్యి వేసింది. "నాది తీసుకోవే" అంది ఆ అమ్మాయితో.

"వదినా!"

"అరవకు. ఇద్దరు పసిగుడ్లతో అది ఆ బస్సెక్కుతుందా? నాకేం, నా పేరు ఎలాగూ రాసే ఉంది. రేపు స్టోర్‌కీపర్ని నేను బతిమాలతాను. పంతొమ్మిది ఉన్నాయి, సర్దుకోండి బాబూ అంటాను. ఒప్పుకున్నాడా, వీధి నిలబడుతుంది. మిషను లేనిదాన్ని నేనొక్కదాన్నీ వెళ్తే నష్టమేంటి?"

ఎంత తేలిగ్గా అంది! కసురుకుని బయటికి వచ్చేశాను. కొట్టుకి వెళ్ళి తలుపు తీశాను. గోడ మీద వరదగీత నా భుజం దాకా ఉంది. దానిపైన అటక. అటక మీద గుడ్డ కప్పి, పొడిగా, చల్లగా, ఎవరికీ పనికిరాకుండా మా అమ్మ మిషను. ఊరిలో ఉన్న మిషన్లన్నిటిలో వరద వదిలేసింది ఎవరూ కుట్టని మిషనునొక్కదాన్నే. నాకు సిగ్గేసింది. ఇంకెలా చెప్పను? సిగ్గేసింది, అంతే.

శనివారం పొద్దున్నే పడవ బాబాయి, భుజం బెణికినతను చెరో పక్కా పట్టి దాన్ని దించారు. హాల్లో మిషన్లు వరసగా వేసి ఉన్నాయి. స్టోర్‌కీపరు అప్పటికే వచ్చి వేలు చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. వదిన ఆయన పక్కన నిలబడి, బతిమాలే మాటలు నోట్లో సిద్ధం చేసుకుంటోంది. ఆవిడ నోటికి బతిమాలడం అలవాటు లేదు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"పద్దెనిమిది, పంతొమ్మిది..." అని ఆగాడు ఆయన.

"దారివ్వండి, దారివ్వండి" అన్నాను గట్టిగా. ఖాళీ స్టాండు మీద మిషను కూర్చోబెట్టి, బెల్టు తగిలించి, గుడ్డ లాగేశాను.

వదిన కదల్లేదు. మిషను వైపు చూసింది, నా వైపు చూసింది. తొమ్మిదేళ్ళ తర్వాత చూడటం.

"కూర్చో వదినా" అన్నాను. "నా తలకాయ, నాకు కుట్టడం వచ్చా పెట్టా? దీన్ని అమ్మ నాకిచ్చింది. నేను నీకిస్తున్నాను. అసలు అప్పుడే ఇవ్వాల్సింది. తప్పు నాది."

వారంలో రెండుసార్లు ఆ మాట అన్నాను. నా జన్మలో అదే ఎక్కువ.

ఆవిడ కూర్చుంది. కిందికి చూడనే లేదు. ఎడమచెయ్యి దానంతట అది పలక కిందికి వెళ్ళింది, బాబిన్ కేసు తీసింది, బొటనవేలితో ఒకసారి తడిమింది, మళ్ళీ టక్కున పెట్టేసింది. కాలు పెడల్ మీద పడింది. మిషను ఒక్క చప్పుడూ తేడా లేకుండా అందుకుంది. ఆ కేసు మీద ఎడమవైపు చిన్న పల్లం ఉందని నాకు తెలుసు, నెలనెలా నూనె వేస్తూ చూసేదాన్ని. అది ఎవరి బొటనవేలు అరగదీసిన పల్లమో తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు.

"ఇరవై" అన్నాడు స్టోర్‌కీపరు. "తాన్లు లారీలో ఉన్నాయి, దింపించండి."

హాలు గోలగోలగా అయిపోయింది. లిస్టు మేడం చెవి వెనక పెన్సిలు కోసం వెతుక్కుంటూ, అట్ట కింద పడేసి, కళ్ళు తుడుచుకుంటోంది. నేనైతే తుడుచుకోను కూడా లేదు, బాహాటంగానే ఏడ్చాను.

వదిన మాత్రం తల ఎత్తలేదు. మొదటి గౌను అంచు సూది కింద పెట్టి, రెండు జానలు కుట్టి, ఆపి, గుడ్డ వెలుతురుకి ఎత్తి చూసింది. బారున నూనెమరక.

"ఇంత నూనె పోశావేమే?" అంది. "ఈ గౌను ఎవరికీ పనికిరాదు. జబ్బు చేసినప్పుడు నువ్వే వేసుకో. ముందు ఆ బస్సు కాగితం మీద నా పేరు కొట్టించి రా. వచ్చి సూది మార్చు, మొద్దుబారింది."

కొట్టించి వచ్చాను. సూది మార్చాను.